నీళ్లు తాగే వైరు

చిన్న సారు టేబుల్ మీద ఎప్పుడూ మూడు వస్తువులు ఉండేవి. ఒకటి ఫోను, అది పనిచేయదు. రెండోది వేములవాడ రాజన్న ఫోటో, అది పెద్ద సారు పెట్టించింది. మూడోది చెయ్యి పొడవున్న నల్లటి కేబుల్ ముక్క, మా ఫ్యాక్టరీలోనే తయారైంది. మూడింటిలో ఎక్కువ పని చేసేది అదే.

కరీంనగర్ ఊరి బయట రేకుల షెడ్డులో మా ఫ్యాక్టరీ. కరెంటు వైర్లు చేస్తాం. తీగ ఒక పక్క నుంచి మిషన్‌లోకి పోతుంది, లోపల కరిగిన ప్లాస్టిక్ దాని చుట్టూ తొడుగులా పట్టుకుంటుంది, చల్లని నీళ్ల కాలువలోంచి పోయి అవతల డ్రమ్ముకు చుట్టుకుంటుంది. నేను అక్కడ క్వాలిటీ చూసేవాణ్ణి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా పేరుతో ఎవరికీ అవసరం పడలేదు. అందరూ "కెమిస్ట్రీ సారు" అనేవాళ్లు. నేను రిపోర్టుల మీద సంతకం పెట్టేవాణ్ణి. క్వాలిటీని అసలు కాపాడేది కేబుల్ ముక్క.

చిన్న సారు అంటే పెద్ద సారు బామ్మర్ది. పెద్ద సారుది సుల్తానాబాద్ దగ్గర భూములున్న కుటుంబం. ముందు రైస్ మిల్లు, తర్వాత ఈ ఫ్యాక్టరీ. చాలా మెత్తని మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అనవలసిన మాటలూ వేయవలసిన దెబ్బలూ బామ్మర్దికి అప్పజెప్పి సోమవారం సోమవారం వేములవాడ పోయేవాడు. బామ్మర్ది పద్ధతి గల మనిషి. వైరు మందం తగ్గితే భుజం మీద, పనికి ఆలస్యమైతే పిర్ర మీద, ఎదురు మాట్లాడితే ఎక్కడ దొరికితే అక్కడ. వాత ఎక్కడ పడిందో చూసి తప్పేమిటో చెప్పగలిగేవాళ్లు మా వాళ్లు. వదిలిపోతే ఎక్కడికి పోతారన్నది వాళ్లకన్నా ఆయనకే బాగా తెలుసు.

నన్ను మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. చదువుకున్నవాడినని కాదు. ఆయన చేతిలో కేబుల్ ఉన్నప్పుడు నాకు ల్యాబులో పని ఉండేది.

మిషన్ నడిపేది ఒక కాక, అందరికీ బాబాయి లాంటివాడు. యాభై దాటిన మనిషి. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపి నడిపి చెవులు సగం పోయాయి. సొంతంగా నాలుగు సాంచలు ఉండేవట. గిరాకీ పోయి పాత ఇనుముకు అమ్మాల్సి వచ్చినప్పుడు కొన్నవాడు వాటిని ఇంట్లోనే, ఆయన కళ్ల ముందే, సమ్మెటతో పగలగొట్టి ఆటోలో వేసుకుపోయాడు. "నిండుగ తీస్కపోరా అంటె వాకిట్ల పట్టదన్నడు సారు," అని నాకు రెండు మూడుసార్లు చెప్పాడు. "ఒక్కొక్క దెబ్బకు నా పండ్లు కదిలినయ్. ఇంకోపారి నన్ను మిషన్ మీదికెల్లి దించితె నేను దిగ. ఆడనే పండుత." ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

ఏప్రిల్లో మందమర్రి నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. అక్కడ బొగ్గుబాయి కార్మికుల కాలనీలో ఇళ్లకు వైరింగు చేసే మనిషి. చేతిలో ఒక ఉండ. ఒకప్పుడు అది మా వైరు. తొడుగు కరిగి, తీగ బయటపడి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంది. దాన్ని చిన్న సారు టేబుల్ మీదికి విసిరితే పనిచేయని ఫోను కింద పడింది.

"గిది వైరా, సేమియానా? కూలర్ వెయ్యంగనె గోడ మీదికెల్లి కారుతున్నది. ఒకామె చెయ్యి కాలింది. కాలనీవోళ్లు నా కాలర్ పట్టిండ్రు."

"గట్లెట్ల పడ్తరు?" అన్నాడు చిన్న సారు.

"గిట్ల," అని కాంట్రాక్టరు చిన్న సారు కాలర్ పట్టి చూపించాడు. చూపించడం కొంచెం ఎక్కువసేపు సాగింది. రెండు గుండీలు తెగాయి. నేను ల్యాబులోకి పోవాలనుకున్నాను గానీ తలుపుకు వాళ్లే అడ్డంగా ఉన్నారు.

చివరికి తేలిందేమిటంటే ఆయనకు కరగని వైరు కావాలి. ఎండాకాలం పోకముందే, ఒక డ్రమ్ము చేసి, తన కళ్ల ముందు పరీక్ష పెట్టి చూపిస్తే మిగతాది మాకే ఇస్తాడు.

పెద్ద సారు నన్ను పిలిచి ఎలా చేయాలని అడిగాడు. రెండు దారులున్నాయని చెప్పాను. ఒకటి పొడుగాటి ఇనుప గొట్టంలో ఆవిరి ఒత్తిడితో గట్టిపరచడం, దానికి షెడ్డు చాలదు. రెండోది నీళ్లతో. ఉన్న మిషనే, లోపలి స్క్రూ మారిస్తే చాలు. వైరు చేశాక వేడి నీళ్ల తొట్టిలో నానబెడితే అదే గట్టిపడుతుంది. "నీళ్లేనా?" అన్నాడు పెద్ద సారు. ఆ ముఖంలో అంత భక్తి నేను వేములవాడలో కూడా చూడలేదు.

సరుకు గుజరాత్ నుంచి వచ్చింది. తెల్లటి గింజలు, వెండిరంగు రేకు సంచుల్లో గాలి చొరకుండా మూసి. పని వాళ్లందరినీ మిషన్ చుట్టూ నిలబెట్టి నేను పాఠం చెప్పాను. మామూలు ప్లాస్టిక్‌లో అణువులు విడివిడి దారాల్లా పడి ఉంటాయి, వేడి తగిలితే జారిపోతాయి. ఈ కొత్త సరుకులో దారాలకు పక్కన చిన్న కొక్కేలు ఉంటాయి. తడి తగిలితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పట్టుకున్నాక ఎంత కాల్చినా విడవవు. దారాల మాట వచ్చేసరికి కాక ముందుకు జరిగి సగం చెవి నా వైపు తిప్పాడు. నాకు ఉత్సాహం వచ్చింది.

"కాకా, గిది నీళ్లు తాగి గట్టిపడే సరుకు," అన్నాను. "తాగినకొద్ది గట్టి."

"మంచిగ చెప్పిండు," అన్నాడు కాక పక్కవాళ్లతో. "నూలు లెక్కనే."

వైరయ్యాకే తాగాలి, ముందు ఒక్క చుక్క కూడా తగలకూడదు అని చెప్పలేదు. మర్చిపోయి కాదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను. అందరికీ అంటే నాకు.

మొదటి ట్రయల్ రోజున సరుకు అమ్మినవాళ్ల మనిషి దగ్గరుండి నడిపించాడు. బాగా వచ్చింది. ఆయన పోతూ పోతూ, మిషన్ లోపల సరుకు పెట్టి ఎక్కువసేపు ఆపొద్దు, ఆ వేడికి లోపలే బిగుసుకుంటుంది, ఆపాలంటే ముందు మామూలు ప్లాస్టిక్‌తో కడిగెయ్యండి అని హిందీలో చెప్పాడు. ఆ మాట అందరూ విన్నారు. ఆ సాయంత్రమే పెద్ద సారు కాకను పిలిచి, కాంట్రాక్టరు ముందు డ్రమ్ము పాసైతే ఇక మిషన్ నీదే, ఫెయిలైతే గుజరాత్ ఆపరేటర్ వస్తాడు, నువ్వు గేటు దగ్గర కూర్చుందువు గానీ, అన్నాడు. మెత్తగానే అన్నాడు. కాక తల ఊపి, బయటికొచ్చి, మిషన్‌ను తువ్వాలుతో తుడిచాడు. రెండుసార్లు.

పరీక్ష రోజు మే నెల మధ్యలో పడింది. పొద్దున పదింటికే రేకుల కింద నిలబడితే తల మీద కాలే పెనం పెట్టినట్టుంది. వడగాలి, గాలిలో తడి అన్నది లేదు. నూలు సాంచలు నడిపినవాళ్లకు ఇలాంటి రోజు అంటే భయం. దారం ఎండిపోయి పుటుక్కు పుటుక్కున తెగుతుంది. అందుకని నేల మీద నీళ్లు చల్లుతారు, తడి గోనెసంచులు వేలాడదీస్తారు, దారం మీద కూడా చిలకరిస్తారు. జీవితమంతా అదే చేసిన మనిషి ఆ రోజు అందరికన్నా ముందొచ్చి, రేకు సంచులు కోసి, తడి గోనెలు కప్పాడు. గింజలు పోసే గరాటు చుట్టూ ఇంకో తడి గోనె చుట్టాడు. నేను ల్యాబులో ఓవెన్ వేడి చేసుకుంటూ ఉన్నాను.

చిన్న సారూ కాంట్రాక్టరూ కూలర్ ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కేబుల్ ముక్క చిన్న సారు ఒళ్లో ఉంది. మొదటి గంట వైరు నున్నగా వచ్చింది. తర్వాత మీద సజ్జ గింజల్లాంటి బొడిపెలు కనిపించాయి. సాంచ మీద దారం నూగు లేస్తే అర్థం ఒకటే, ఎండిపోతున్నదని. కాక చెంబుతో నీళ్లు తెచ్చి గరాటులోకి చిలకరించాడు. బొడిపెలు పెరిగాయి. ఇంకో చెంబు తెచ్చాడు.

మోటారు మూలుగు నాకు ల్యాబులోకి వినిపించింది. వచ్చి చూస్తే ఒత్తిడి ముల్లు ఎర్ర గీత దాటి ఉంది.

"ఆపు కాకా!"

"ఆపితె ఈపు పగుల్తది," అన్నాడు చిన్న సారు, కుర్చీలోంచి లేవకుండానే. "పార్టీ ముంగట ఆపుడేంది? జర హీట్ పెంచు."

కాక నన్ను చూశాడు, కేబుల్‌ను చూశాడు, వేడి పెంచాడు. మూతి బిగుసుకుపోయిన మిషన్ వెనకనుంచి తోస్తూనే ఉంది. అర నిమిషం కూడా పట్టలేదు. ముందు తుపాకీ పేలినట్టు ఒక బోల్టు, వెంటనే ఇంకొకటి. మిషన్ మూతి పక్కకు తెరుచుకుని, పిడికిలంత కాలుతున్న ముద్ద కాంట్రాక్టరు చెవి పక్కనుంచి పోయి రేకు గోడకు రంధ్రం పెట్టింది. ఆ రంధ్రం ఇప్పటికీ ఉంది, పొద్దున తొమ్మిదింటికి అందులోంచి ఎండ నేల మీద రూపాయి బిళ్లంత పడుతుంది. ముద్ద వెనకే వచ్చిన జిగురు కాక ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా చుట్టుకుంది.

ఆయన అరుపు నాకు గుర్తులేదు. వాసన గుర్తుంది. నేనూ ఇంకో పనివాడూ కలిసి ఆయన చేతిని చల్లని నీళ్ల కాలువలో ముంచాం. ప్లాస్టిక్ గట్టిపడ్డాక పీకాం. అలా పీకకూడదని ఆస్పత్రిలో తర్వాత చెప్పారు. అప్పటికే ప్లాస్టిక్‌తో పాటు రావాల్సింది వచ్చేసింది.

చిన్న సారు గరాటు చుట్టూ ఉన్న గోనెను లాగి పిండాడు. నీళ్లు కారాయి.

"ఎవడు తడిపిండ్రా?"

"నేనే సారు."

"ఎవడు తడుపుమన్నడు?"

కాక తల ఎత్తి నన్ను చూశాడు. ఎక్కువసేపు కాదు. "ఎవ్వలు చెప్పలే. నాకే తోచింది."

మొదటి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య పడింది. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద, కాలిన చేతి మీదే. మూడోదానికి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇన్ని అని ఖచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. మూడు దెబ్బల దాకా నా నోట్లోంచి మాట రాలేదు. ల్యాబు పక్కనే ఉంది, తలుపు తెరిచే ఉంది, అది కూడా గమనించాను.

"నేనే చెప్పిన," అన్నాను తర్వాత. "నీళ్లు తాగే సరుకని నేనే చెప్పిన."

చిన్న సారు నా వైపు తిరిగాడు. ఆ రకం కేబుల్ మీద వచ్చిన రిపోర్టులెన్నిటికో అంతకుముందు నేను సంతకం పెట్టాను. మందం, బరువు, సాగే గుణం. రిపోర్టులో లేని గుణం ఒకటుందని ఆ రోజు తెలిసింది. దెబ్బ చెవి మీద పడింది. కొంచెంసేపు నేనూ కాకా ఒకే రకంగా విన్నాం.

ఇంకోటి పడేదే గానీ కాంట్రాక్టరు వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "జర ఆగు సారు. గిట్ల కొడ్తె సస్తరు. సస్తె నా డ్రమ్ము ఎవ్వలు చేస్తరు?" దయకు చాలా రూపాలుంటాయి. వారంలో మళ్లీ వస్తానని చెప్పి పోయాడు.

గుజరాత్ ఆపరేటర్ రావడానికి పది రోజులు పడుతుందన్నారు. కాబట్టి పెద్ద సారు కాకకే ఇంకో అవకాశం ఇచ్చాడు. ఈసారి పోతే గేటే, అన్నాడు, ఇంకా మెత్తగా.

మిషన్ లోపల బిగుసుకున్న సరుకు కరగదు. కరగకపోవడమే కదా దాని గొప్ప. ఏ ద్రావకంలోనూ కలవదు, ఎంత వేడికీ లొంగదు. ఉలి పెట్టి సుత్తెతో కొట్టి పెళ్లలు పెళ్లలుగా తీయాలి. మూడు రోజులు కొట్టాం. కాకకు ఒక చెయ్యే పనిచేసేది, కాబట్టి నేను ఉలి పట్టేవాణ్ణి, ఆయన సుత్తె వేసేవాడు. ఆయన గురి మీద నాకు నమ్మకం ఉంది. ఆయన మనసులో నా మీద ఏముందన్నది తెలియదు. సుత్తె లేచిన ప్రతిసారీ నా వేళ్లు ఆ సంగతే ఆలోచించేవి. చిన్న సారు గంటకోసారి వచ్చి నిలబడి చూసేవాడు. మూడు రోజులు మిషన్ ఆగితే ఏమవుతుందో పెద్ద సారు ఆయనకు ఏకాంతంగా వివరించినట్టున్నాడు. ముఖం అలా ఉండేది.

"సాంచలు పలగ్గొట్టినప్పుడు గిదే సప్పుడు," అన్నాడు కాక ఒకసారి, సుత్తె దించి. మళ్లీ ఎత్తాడు.

రెండోసారి పరీక్షకు ముందు రోజు కాక చిన్న ట్రయల్ తీసి చూసుకున్నాడు. పరీక్ష రోజున తడి బట్ట అన్నది షెడ్డులో లేదు. కాక తువ్వాలు కూడా బయట తీగ మీద ఆరేసి వచ్చాడు. గింజలు సంచిలోంచి నేరుగా గరాటులోకి, గరాటు మీద మూత. ఎడమ చేతికి కట్టు. కాంట్రాక్టరు ఈసారి కుర్చీని పక్కకు, మిషన్ మూతికి దూరంగా వేసుకున్నాడు. వైరు నున్నగా, కుబుసం విడిచిన పాములా వస్తోంది. డ్రమ్ము సగం నిండింది.

అప్పుడు వైరు మీద ఒక బొడిపె కనిపించింది. ఒకటే. తీగకు తీగ అతికించిన చోట అలా వస్తుంది, దాని వల్ల ఏమీ కాదు, ఆ ముక్క కోసేస్తే సరి. నేను ఆ మాట చెప్పేలోపే చిన్న సారు లేచాడు.

"మల్ల చేసినవురా?" కేబుల్ పైకి లేపి కాక వైపు నడిచాడు.

కాక వెనక్కి జరగలేదు. కుడి అరచేయి చాచి ఎర్ర బటన్ మీద పెట్టి నొక్కాడు. మిషన్ ఆగిపోయింది. షెడ్డులో అంత నిశ్శబ్దం నేను సెలవు రోజున కూడా వినలేదు.

"ఏంరా? మిషన్ చాలూ చెయ్!"

"చేస్త సారు. కొట్టుడు అయిపోనీ. కొట్టినంతసేపు మిషన్ బందు."

"నన్నే బెదిరిస్తున్నవా?"

"నేనెందుకు బెదిరిస్త? లోపటి సరుకు బెదిరిస్తున్నది. నిలవడ్డకొద్ది గట్టి." బటన్ మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు తిరిగాడు. "కెమిస్ట్రీ సారు, ఎంత టైమున్నది?"

ఆ వేడిలో ఆ సరుకు పావుగంటకు పైనే ఆగుతుంది. నాకు తెలుసు, రాసి పెట్టుకున్నాను.

"ఐదు నిమిషాలు," అన్నాను. "గంతే. ఆ తర్వాత మల్ల సుత్తెనే."

చిన్న సారు కొట్టాడు. భుజం మీద, బలంగానే. కాక శరీరం ఊగింది గానీ అరచేయి బటన్ మీంచి కదల్లేదు.

"ఒక నిమిషం అయింది," అన్నాను.

మళ్లీ కేబుల్ లేచింది. మిగతా పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడ పని ఆపి చూస్తున్నారు. ఎవరూ ముందుకు రాలేదు, ఎవరూ తల దించుకోలేదు కూడా. అంతమంది ఒకేసారి తనను చూడటం చిన్న సారుకు అలవాటు లేదు. రెండో దెబ్బ పడింది, మొదటిదంత బలంగా లేదు.

"రెండు."

"పెట్టు సారు పక్కకు," అన్నాడు కాంట్రాక్టరు విసుగ్గా. "మీ ఇంటి పంచాది నాకెందుకు, నాకు డ్రమ్ము కావాలె."

చిన్న సారు గోడ మూల చూశాడు. మూడు రోజులు వాడిన సుత్తే ఉలీ అక్కడే ఉన్నాయి. "మూడు," అన్నాను, నిజానికి ఇంకా కాలేదు. ఆయన చెయ్యి దిగింది. కేబుల్‌ను కుర్చీ మీద పెట్టబోయాడు.

"ఆడ గాదు సారు," అన్నాడు కాక. "నీళ్లల్ల ఎయ్."

వైర్లు నానబెట్టే వేడి నీళ్ల తొట్టి పొగలు కక్కుతోంది. చిన్న సారు కాసేపు దాన్ని చూశాడు, నా గడియారాన్ని చూశాడు, విసిరేశాడు. నీళ్లు నా ప్యాంటు మీద చిందాయి, కాలింది. కాక పచ్చ బటన్ నొక్కాడు. మొదట కొంత వైరు గరుకుగా వచ్చింది, కోసి పారేశాం. తర్వాత నున్నగా వచ్చింది.

డ్రమ్ము రాత్రంతా తొట్టిలో నానింది. మర్నాడు దాని తొడుగులోంచి పట్టీ కోసి, కింద బరువు కట్టి, ఓవెన్‌లో వేలాడదీశాను. నూనె కాగే వేడిలో పావుగంట. కరిగేదైతే తెగి పడుతుంది, గట్టిపడిందైతే కొంచెం సాగి ఆగుతుంది. కాంట్రాక్టరు అద్దంలోంచి కళ్లు తిప్పలేదు. కాక లోపలికి రాలేదు, తలుపు బయట నిలబడి గోడను చూశాడు. పట్టీ సాగింది, ఆగింది. రిపోర్టు మీద సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను చదివి పెట్టిన మొదటి సంతకం అది.

మిషన్ కాకదే అయింది. చిన్న సారు మారిపోయాడని రాస్తే బాగుండేది. ఇప్పటికీ అప్పుడప్పుడూ చెయ్యి చేసుకుంటాడు, వట్టి చేత్తో, మిషన్‌కు పది అడుగుల అవతల. ఆ పది అడుగుల లోపల అందరూ మెల్లగా మాట్లాడతారు. తొట్టి కడిగినప్పుడల్లా అడుగున కేబుల్ ముక్క కనిపిస్తుంది. అది పాత సరుకు, నీళ్లు దాన్నేమీ చేయలేదు. తీసి తుడుచుకుంటే మళ్లీ పనికొస్తుంది. ఎవరూ తీయలేదు.

వానలు పడ్డాక ఒకరోజు కాకతో అన్నం తింటూ నిజం చెప్పాను. అసలు పావుగంట పైనే టైముండె కాకా, ఐదు నిమిషాలని అబద్ధం చెప్పిన, అన్నాను. కట్టు విప్పిన చెయ్యి ఎర్రగా, ముడతలుగా మెరుస్తోంది. ఆ చేత్తోనే మజ్జిగ పోసుకున్నాడు.

"నాకెరికే. అంతకుముందు దినం ట్రయల్ తీసినప్పుడు పావుగంట ఆపి బీడి తాగొచ్చిన. ఏం గాలే."

"మరి నన్నెందుకు అడిగినవు?"

"ఈసారన్న మాట్లాడ్తవా లేదా సూద్దామని," అని అన్నం కలుపుకున్నాడు.